చేపల తొట్టి అద్దము మీది పాచి

మన సంఘమువారి ఇండ్లలోను అంగళ్లలోను కొంతకాలముగా ఒక క్రొత్త సామాను చేరినది. బట్టల కొట్టులో గల్లాపెట్టె ప్రక్కన, నగల దుకాణములో గుమ్మమునకు ఎదురుగా, ఇంటిలో టెలివిజను ప్రక్క బల్లమీద, నీరు నింపిన అద్దపు తొట్టి. అందులో అయిదారు ఎర్రచేపలు. కొందరు వాస్తుకు మంచిదందురు. కొందరు పిల్లల ముచ్చట అందురు. ఎవరేమన్నను, తొట్టి వచ్చిన నెలకో రెండు నెలలకో ప్రతి ఇంటిలోను ఒకటే ఫిర్యాదు వినబడును. అద్దము పచ్చబడినది, ఎంత తుడిచినను పోదు, గట్టిగా రుద్దిన గీతలు పడుచున్నవి, ఏమి చేయవలెను?

నాది చెన్నపట్టణములో అద్దముల వ్యాపారము. ముప్పది ఏండ్లుగా ఈ అద్దములతోనే కాలక్షేపము గనుక ఈ ప్రశ్న తిన్నగా నా వద్దకే వచ్చుచుండును. అయితే మా పెద్దవదినగారు వేసిన ప్రశ్న వేరు. "మరిదీ, గీత పడకుండ తీయుట ఎట్లని అందరును అడుగుచున్నారే గాని, అసలు దానిని తీయవచ్చునా అని ఎవరును అడుగరేమి?" అన్నారామె. చాతుర్మాస్యములో పెరటి బండమీద పచ్చగా కనిపించిన చోట కాలు మోపని మనిషి. ఆమెకు సమాధానము చెప్పుటకు నేను పండితుడను కాను. హైస్కూలు చదువు, సాధు మహారాజుల వ్యాఖ్యానములు విన్న జ్ఞానము, ఇవే నా మూలధనము. అయినను ఈ రెండు ప్రశ్నలను దగ్గర పెట్టుకొని ఆలోచింపగా, ఒకదానికి జవాబు దొరికిన గాని రెండవదానికి దొరకదని నాకు తోచినది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట పాచి అనునది ఏమిటో చూతము. వాడుకలో మనము పాచి అని ఒక్క మాట అందుము గాని తొట్టిలో పట్టునవి పలు రకములు. క్రొత్త తొట్టిలో మొదటి వారములలో గోధుమరంగు పొర ఒకటి పట్టును. అది మెత్తనిది, వ్రేలితో రాచిన పోవును. చిత్రమేమనగా ఆ సూక్ష్మజీవుల పై పెంకు సిలికాతో కట్టుకొన్నది. సిలికా అనగా అద్దమునకు మూలమైన ఇసుక దినుసే. తరువాత వచ్చునది పచ్చని పలుచని పొర. ఇదియును గుడ్డకు లొంగును. మూడవది మొండిది. అద్దముమీద గుండ్రని పచ్చ చుక్కలుగా మొదలై, నాలుగు వారములు వదలినచో పెచ్చువలె గట్టిపడును. అందరును నా వద్దకు వచ్చునది దీనికొరకే. నీలిపచ్చగా జిగురు దుప్పటివలె పరచుకొని చెడువాసన కొట్టునది మరియొకటి కలదు. అది నిజమునకు పాచి జాతిది కాదు, బాక్టీరియా జాతిదని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

మన శాస్త్రము దీనిని ఎక్కడ పెట్టినది? ఒక్క స్పర్శేంద్రియము మాత్రమే గల స్థావర జీవులలో వనస్పతికాయము ఒకటి. అందులో మరల ప్రత్యేకము, సాధారణము అని రెండు. ఒక శరీరమునకు ఒక జీవుడున్నది ప్రత్యేకము. ఒకే శరీరమును అనంత జీవులు పంచుకొని యుండునది సాధారణము. శాంతిసూరి ఆచార్యులు తమ జీవవిచార ప్రకరణములో పాచిని ఈ రెండవ తరగతిలోనే చేర్చినారు. ఇరియావహియ సూత్రము చెప్పుకొనునపుడు పణగ అను మాట మన నోట ప్రతిదినము వచ్చుచునే యున్నది. నడకలో తెలియక నలిగినదానికే మనము క్షమాపణ వేడుచున్నామే, బ్లేడు పట్టుకొని తీరికగా గీకుటకు ఏమి చెప్పవలెను? వదినగారి ప్రశ్న తేలికయైనది కాదు.

దీనికి మా అన్నగారి అబ్బాయి ఒక జవాబు చెప్పినాడు. "పాచి తీయకపోయిన చేప చచ్చును. ఒక వైపు ఏకేంద్రియము, ఒక వైపు పంచేంద్రియము. ఏది ముఖ్యము?" అని. అందుకు మా బావగారు అడ్డుతగిలి, "పాచిలో జీవులు అనంతము, చేపలు ఆరు. లెక్క చూచుకో" అన్నారు. వర్తకుల ఇల్లు గదా, వెంటనే లెక్క వచ్చును.

బావగారి లెక్క మన శాస్త్రము ఒప్పుకొన్న లెక్క కాదు. సూత్రకృతాంగములో ఆర్ద్రక కుమారునితో హస్తితాపసులు వాదించిన ఘట్టము కలదు. వారు ఏడాదికొక ఏనుగును చంపి తినువారు. అనేక ప్రాణులను చంపుటకంటె ఒక్క పెద్ద ప్రాణితో సరిపెట్టుకొనుచున్నాము, కావున మేము ఎక్కువ దయగలవారము అని వారి వాదము. ఆర్ద్రకుడు దానిని అంగీకరింపలేదు. తలలు లెక్కపెట్టి హింసను తూచరాదు. ఏకేంద్రియమునకు 4 ప్రాణములు, ద్వీంద్రియమునకు 6, మనస్సుగల పంచేంద్రియమునకు 10 అని మనవారు చెప్పునది తూకపు రాళ్లవంటిది. కావున అన్నగారి అబ్బాయి ప్రశ్నలోని తూకము సరియైనదే. కాని అతడు చెప్పిన సంగతి సరియైనది కాదు.

పాచి పట్టినంత మాత్రమున చేప చావదు. చేపలను పెంచుటలో అనుభవమున్న వారిని ఎవరినైన అడుగుడు. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియాను, నైట్రేటును పాచి కొంత పీల్చుకొనును. వెలుతురున్నంతసేపు నీటిలో ప్రాణవాయువును విడుచును. కొన్ని చేపలు దానిని కొరుకుచు కాలము గడుపును. నీలిపచ్చ జిగురు దుప్పటి సంగతి వేరు, దానిని తీయవలసినదే. కాని వెనుక అద్దమునకు, ప్రక్క అద్దములకు పట్టిన మామూలు పచ్చదనము చేపకు అపకారి కాదు. చెరువులో పుట్టవలసిన ప్రాణికి ఆ పచ్చదనమే పుట్టిల్లువంటిది.

మరి మనము అద్దము ఎవరికొరకు గీకుచున్నాము? మన కంటికొరకు. ముందర అద్దము తళతళలాడవలెను, వచ్చినవారు చూచి బాగున్నదనవలెను. ఇదియే ఈ విషయములోని అసలు ముడి. గృహస్థుడు పూర్తిగా విడువలేని హింసను పెద్దలు ఆరంభి, ఉద్యోగి, విరోధి అని మూడుగా చెప్పి, సంకల్పించి చేయు నాల్గవదానిని మాత్రము పూర్తిగా మానవలెనన్నారు. వంట, ఇల్లూడ్చుట ఆరంభములోనికి వచ్చును. వ్యాపారము ఉద్యోగములోనికి వచ్చును. వేడుకకొరకు కట్టిన తొట్టిలో వేడుకకొరకు గీకునది దేనిలోనికి వచ్చును? ఇంటి పని అని ఆరంభములో వ్రాసికొనుటకు నా చేయి ఆడదు.

అయితే కొంత గీకుట వేడుక కాదు. అద్దములోనుండి చేప కనబడవలెను. రెక్క చిరిగినదా, ఒంటిమీద తెల్లచుక్కలు లేచినవా, మేత తినుచున్నదా, పైకివచ్చి నోరు తెరచి గాలి మ్రింగుచున్నదా అని దినమును చూడనివాడు చేపను పెంచుచున్నాడనుటకు వీలులేదు. అందుచేత నా అభిప్రాయము ఇది: ముందర అద్దమును చూపునకు కావలసినంత తుడువవలెను, తక్కిన మూడు వైపుల పచ్చదనమును దాని మానమున దానిని వదలవలెను. మా ఇంటిలోని తొట్టికి ఇప్పుడు ఇదే పద్ధతి. చూచినవారు మొదట మేము సోమరులమనుకొందురు. అనుకొననిండు.

పాచిని గూర్చి ఇంత తర్కించువారు చేపను గూర్చి తర్కింపకపోవుట నాకు వింతగా నుండును. శ్రావకుని మొదటి అణువ్రతమునకు తత్త్వార్థ సూత్రము అయిదు అతిచారములు చెప్పినది. వానిలో మొట్టమొదటిది బంధము. అనగా ప్రాణిని కట్టిపెట్టుట, తిరుగనీయకుండుట. చివరిది అన్నపానములను అడ్డగించుట. నాలుగు అడుగుల అద్దపు గోడల నడుమ ఒక ప్రాణిని జీవితాంతము ఉంచుట బంధము కాక మరేమగును? ఊరికి పోయి నాలుగు దినములు మేత వేయకుండుట ఐదవ అతిచారము కాదా? నేమినాథ భగవానుడు పెండ్లి ఊరేగింపులో దొడ్డిలో కట్టబడిన జంతువుల అరపు విని రథమును మరలించినాడని మన పిల్లలకు కథ చెప్పుచున్నాము. చేపకు అరపు లేదు. అందుచేత మనకు వినబడదు. పదునైదు కర్మాదానములలో చివరిదైన అసతీపోషణమును వివరించుచు 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో గోరువంక, చిలుక, పిల్లి, కుక్క మొదలైనవానిని ధనముకొరకు పెంచుటను పేర్కొన్నారు. చేప పేరు అందులో లేదు. ఆ కాలమున అద్దపు తొట్టి లేదు మరి. లండను జంతుశాలలో ప్రజలకొరకు మొదటి చేపల ఇల్లు తెరచినది 1853లో.

ఇంతమాత్రము చేత ఉన్న చేపలను సంచిలో పట్టి చెరువులో విడువుడని నేను చెప్పుచున్నానని ఎవరును అనుకొనవలదు. పర్వదినములలో జీవదయ పేరిట కొందరు అట్లు చేయుదురు. ఇది దయ కాదు. ఇచ్చట ఒక సంగతి విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన దీనికిని పాచికిని దగ్గరి సంబంధము కలదు.

అద్దము గీకు శ్రమ లేకుండ, గీత భయము లేకుండ పాచిని తినిపెట్టునని చెప్పి అంగడివాడు ఒక చేపను అంటగట్టును. సక్కర్ చేప అందురు. నోటితో అద్దమును కరచుకొని యుండును. కొనునాటికి రెండు మూడు అంగుళములు. దాని స్వదేశము దక్షిణ అమెరికా. పెరిగినచో అడుగు దాటును. అంత పెద్దదైన తరువాత దానికి తొట్టి చాలదు, పాచిమీద శ్రద్ధయు తగ్గును, విసర్జనము మాత్రము విపరీతము. అప్పుడు ఇంటివారికి జీవదయ గుర్తువచ్చును; సంచిలో వేసికొనిపోయి ఏటిలోనో చెరువులోనో విడుతురు. ఈనాడు ఆంధ్రదేశములోను, తమిళనాడులోను, వంగదేశములోను అనేక జలాశయములలో ఈ చేప నిండిపోయినది. ఒంటిమీద గట్టి పలకలు, రెక్కలకు ముండ్లు ఉండుటచేత దీనిని తిను జంతువులు తక్కువ. బెస్తవారి వలలు చినుగుచున్నవి. స్థానికములైన చేపల మేతను, గ్రుడ్లను ఇది హరించుచున్నది. బెస్తవారు దీనికి రాకాసి చేప, డెవిల్ ఫిష్ అని పేరు పెట్టినారు. ఒక్క ఇంటి అద్దమును శుభ్రపరచుటకు తెచ్చిన ప్రాణివలన ఒక చెరువుకు కలిగిన హాని ఇది.

ఇందులో ధర్మసూక్ష్మము మరియొకటి కలదు. నేను గీకలేదు, చేప తిన్నది అని తప్పించుకొనవచ్చునా? తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని మెచ్చుట మూడును సమానమని మనము ప్రతిజ్ఞలలో చెప్పుకొనుచున్నాము. ఇంగ్లండులో 1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీటి మొక్కలను, ఎర్రచేపలను, వానితోపాటు నత్తలను ఒక తొట్టిలో నుంచి, క్రుళ్లిన ఆకును నత్తలు తినివేయుటచేత నీరు నిలువ యుండునని ప్రకటించినాడు. ఆనాటినుండి నత్తచేత పని చేయించుకొనుట వాడుక. నత్త దాని ఆహారము అది తిన్నచో అది దాని స్వభావము, తప్పు లేదు. కాని పాచి తినుటకే దానిని కొనితెచ్చితిమా, అది మనము పెట్టిన కూలి. పైగా ఒక ద్వీంద్రియమును క్రొత్తగా బంధించినవారమైతిమి. పాచి అయిపోయిన తరువాత అది ఆకలితో చచ్చిన అదియు మన ఖాతాయే. అంగడిలోని కుఱ్ఱవానిచేత గీకించుటయు అంతే. పైగా కుఱ్ఱవాడు గబగబ రుద్ది గీతలు పెట్టును.

సీసాలలో అమ్ము పాచి మందుల విషయము ఎక్కువ చెప్ప పనిలేదు. వానిలో కొన్నింటిలో రాగి లవణము ఉండును. అది నత్తలకు, రొయ్యలకు విషము, మెత్తని నీటిలో చేపకును ప్రమాదము. ఒక్కసారిగా చచ్చిన పాచి క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగివేయును. ఏ దృష్టితో చూచినను ఇది మానవలసినదే.

ఇక వదినగారికి నేను చెప్పిన జవాబు. పుట్టిన జీవిని చంపుటా మానుటా అని తర్కించుటకు ముందు, పుట్టకుండ చూచుట మన ఆచారములో తొలినుండి కలదు. స్నానపు గదిలో తడి నిలువనీయము. ఎంగిలి కంచమును రాత్రంతయు ఉంచము. నీళ్ల కుండ క్రింద చెమ్మ కూడనీయము. ఇవన్నియు ఎందుకు? అచ్చట జీవోత్పత్తి జరుగకూడదనియే గదా. తొట్టికిని ఇదే న్యాయము. పాచికి కావలసినవి మూడు: వెలుతురు, మేత, కాలము.

తొట్టిని కిటికీ ప్రక్కన పెట్టరాదు. ఎండ తగిలిన గోడకు పాచి తప్పదు. దీపము దినమునకు 6 నుండి 8 గంటలు చాలును. చాలమంది ఉదయమునుండి అంగడి మూయువరకు వెలిగించి యుంచుచున్నారు. చేపకును రాత్రి కావలెను గదా. మేత రెండు నిముషములలో తినగలిగినంతయే వేయవలెను. మిగిలినది అడుగున క్రుళ్లి పాచికి ఎరువగును. ఇంటిలో నలుగురుండి నలుగురును ముద్దుగా వేయుట అన్ని తొట్లలోను జరుగుచున్నదే. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. కార్పొరేషను నీటిలో క్లోరిను ఉండును గనుక ఒక దినము తెరచిన పాత్రలో నిలువయుంచి పోయుట పూర్వపు పద్ధతి. కొన్ని ఊళ్లలో క్లోరమిన్ అనునది కలుపుచున్నారు, అది నిలువయుంచినను పోదు, దానికి వేరే మందు వేయవలెను. ఇంత చేసిన తరువాత గీకవలసినది చాల తక్కువ. అదియు మెత్తగా ఉన్నపుడే వారమునకొకసారి మెత్తని గుడ్డతో ముందర అద్దమును తుడిచినచో బ్లేడు ప్రసక్తియే రాదు. నెల తరువాత గట్టిపడినదానిని పెకలించుటకంటె, వారమునాటి లేత పొరను తుడుచుటలో పోవు జీవులును తక్కువ, పడు గీతలును తక్కువ.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. అద్దము గీత పడుటకు కారణము బ్లేడు అని అందరి నమ్మకము. నూటికి తొంబది కేసులలో కారణము ఇసుక రేణువు. ఖనిజముల గట్టిదనమును 1 నుండి 10 వరకు కొలుచు వరుస ఒకటి కలదు. వజ్రము 10. ఇసుకలోని క్వార్ట్జు 7. మామూలు అద్దము సుమారు 5½. సాధారణ ఉక్కు బ్లేడును ఇంచుమించు అంతే. గట్టిదే మెత్తనిదానిని గీయును. కావున చక్కని క్రొత్త బ్లేడు తడి అద్దముమీద జారిపోవును. స్పాంజిలో చిక్కిన ఒక్క ఇసుక రేణువు మాత్రము అద్దమును ఈ చివరనుండి ఆ చివరకు గీయును. అయస్కాంతపు తుడుపులు చాల సౌకర్యమని కొందురు. లోపలి ముక్క అడుగున ఇసుకను తాకి ఒక రేణువును తగిలించుకొన్నదా, ఇక ప్రతి లాగుడును ఒక గీతయే. వంటింటి పచ్చ పీచులో రాపిడికొరకు అద్దముకంటె గట్టి పొడి పూసియుందురు, దానిని తొట్టి దగ్గరకు రానీయరాదు. సబ్బు అంటిన గుడ్డ అసలే పనికిరాదు.

మొండి చుక్కలకు మొదట పాత ఏ.టి.ఎం. కార్డు అంచుతో ప్రయత్నింపవలెను. ప్లాస్టికు మెత్తనిది, అద్దమును ఏమియు చేయలేదు. దానికిని లొంగనిచో పిడిగల క్రొత్త స్టెయిన్‌లెస్ బ్లేడు. అద్దమునకు దాదాపు ఆనించి ఏటవాలుగా పట్టి, ఒకే వైపునకు నెమ్మదిగా త్రోయవలెను; ముందుకు వెనుకకు ఆడించరాదు. బ్లేడు మొనలో చిన్న నొక్కు గాని, తుప్పు గాని కనిపించిన పారవేయవలెను. మూలలలోని సిలికోను అతుకు దగ్గరకు పోనీయరాదు. అది తెగిన తొట్టి కారును, అప్పుడు పోవునవి పంచేంద్రియములే. ఇసుకకు పైన రెండు అంగుళములమేర బ్లేడు వద్దు, అచ్చట కార్డుతోనే సరిపెట్టుకొనవలెను. ఇదంతయు అద్దపు తొట్టికే. ఆక్రిలికు తొట్టి ఆ వరుసలో 3 దగ్గర నిలుచును. దానిమీద బ్లేడు పెట్టిన పని అంతటితో సరి. నీటి మట్టము దగ్గర పట్టు తెల్లని గీత పాచి కాదు, ఉప్పునీటి సున్నము. నీరు కొంచెము తగ్గించి వెనిగరులో తడిపిన గుడ్డతో తుడిచి, మంచినీటితో మరల తుడిచిన పోవును.

గీత పడిన నష్టము కంటికి మాత్రమే కాదు. మేము అద్దము కోయుట అనగా నిజమునకు గీత పెట్టుటయే. ఆ గీత వెంబడి అద్దము విరుగును. తొట్టికి పడు సన్నని గీతలకు అంత బలము లేదు గాని, ప్రతి గీతయు ఒక సందు. ఆ సందులో పాచి వేరూనిన గుడ్డకు అందదు. అందనందున మరింత గట్టిగా రుద్దుదురు. మరిన్ని గీతలు, మరింత పాచి. ఒకసారి తొందరపడినదానికి తొట్టి ఉన్నంతకాలము వారమువారము అదనముగా గీకుచుండవలెను. సీరియం ఆక్సైడుతో పాలిషు పట్టి గీత తీయవచ్చును గాని నీరున్న తొట్టిలో అది జరుగు పని కాదు; తీసినను అద్దము అలలుగా కనబడును. అద్దమునకు గీత పడకుండ చూచుటయు జీవులకు హింస తగ్గించుటయు ఇక్కడ ఒకే పని అని నేను వదినగారితో అన్నది ఇందుకే. ఉమాస్వాతి ఆచార్యులు హింసను నిర్వచించునపుడు ప్రాణహాని అను ఫలితముతో ఆగలేదు; అజాగ్రత్తను దానికి మూలముగా చెప్పినారు. తొట్టి దగ్గర నిలుచుండి ఆ మాట తలచుకొన్నచో ఇసుక రేణువు కనబడును.

చేయి పెట్టుటకు ముందు అద్దమునంతటిని ఒకసారి చూడవలెను. నత్త కరచుకొని యుండవచ్చును. సన్నని చేపపిల్లలు మూలన నిలిచి యుండవచ్చును. గట్టి తెల్లని చుక్కలు కనిపించినచో అవి సున్నము కాక నత్త గ్రుడ్లు కావచ్చును, వానిని ముట్టవలదు. ముందర అద్దముమీద అవి ఉన్నచో అందము కొంత తగ్గును, అంతే. చేపలు బెదరకుండ చేయి నెమ్మదిగా కదపవలెను. వడపోత యంత్రమును, ఇసుకను, అద్దమును ఒకే దినమున కడుగరాదు. నీటిని శుద్ధిచేయు మంచి బాక్టీరియా పోయి చేపలకు ముప్పువచ్చును. పర్యుషణము వచ్చుచున్నదనగా ముందటి వారమే తుడుచుకొని, ఆ ఎనిమిది పది దినములు దీపము గంటలు తగ్గించిన చాలును. ఆ దినములలో చేయి పెట్ట నక్కరలేదు.

మా అబ్బాయికి నాతో ఒక పేచీ ఉన్నది. కొలత్తూరు చేపల బజారునకు తొట్లు కట్టువారు మా అంగడికి 6, 8, 10 మిల్లీమీటర్ల అద్దమునకు వచ్చెదరు. కొలతకు కోసి, అంచులు అరగదీసి, సిలికోను అంటించి తొట్టిగా ఇమ్మని అడుగువారును కలరు. తొట్టి కట్టు పని మేము ఒప్పుకొనము. షీటు అద్దము మాత్రము అమ్ముదుము. "నాన్నగారూ, షీటు అమ్మినపుడు వారు దానితో తొట్టి కట్టుదురని మీకు తెలియును. తెలిసి అమ్ముటకును కట్టి ఇచ్చుటకును భేదమేమి? మనము కాకున్న ప్రక్క అంగడివారు. లాభము పోవుట తప్ప చేపకు ఒరిగినదేమి?" అని వాడు అడుగును. వానికి నేను చెప్పునది ఇంతే. షీటు అద్దము కిటికీకి పోవును, పటమునకు పోవును, తొట్టికిని పోవును. అమ్మునపుడు నా మనస్సులో కిటికీ ఉండవచ్చును. తొట్టి కట్టునపుడు మాత్రము నా చేతులకు చేప తప్ప వేరొకటి తోచదు. ఈ సమాధానము వానికి పూర్తిగా రుచింపలేదు. నాకును పూర్తిగా తృప్తి లేదని ఒప్పుకొనక తప్పదు. చేయించుట ఎచ్చట ముగియునో, మెచ్చుట ఎచ్చట మొదలగునో వ్యాపారములో గీత గీయుట అద్దముమీద గీసినంత సుళువు కాదు. అయినను గీత వంకరగా నున్నదని గీయుటయే మానిన అంగడిలో అన్నియు చెల్లును. ఏటా కొన్ని వేల రూపాయల పని ప్రక్క అంగడికి పోవుచున్నది, పోనిత్తును.

మా ఇంటి తొట్టి మనుమడు పుట్టినరోజునకు ఎవరో ఇచ్చినది. అందులోని ఎర్రచేపలు బాగుగా చూచినచో పది, పదునైదు ఏండ్లు కూడ బ్రదుకునట. అవి ఉన్నంతకాలము వానికి చేయవలసినది చేయుదుము. ఒకటి పోయినచో మరొకటి తేబోము. మనుమనికి ఈ ఏర్పాటు తెలియును. వాడే వారమునకొకసారి కార్డు పట్టుకొని ముందర అద్దము తుడుచుచున్నాడు.

తుడిచిన పాచిని, మార్చిన నీటిని ఏమి చేయవలెనని చివరగా వదినగారు అడిగినారు. నీరు వడకట్టిన గుడ్డను మరల నీటిలోనే జాడించి, అందులోని జీవులను వచ్చిన చోటికే చేర్చుట మన పెద్దల పద్ధతి గదా, అటులనే చెరువులో కలుపవచ్చునా అని ఆమె ఉద్దేశము. తొట్టి నీటికి ఆ పద్ధతి పనికిరాదు. అది మన చెరువు నీరు కాదు; అందులో పరదేశపు నత్త గ్రుడ్లు, పరదేశపు నీటిమొక్కల ముక్కలు ఉండవచ్చును. కాలువలో పోసినను అంతే. మేము ఆ నీటిని నీడలో నున్న పూలకుండీలలో చెమ్మగా నున్న మట్టిమీద పోయుచున్నాము. చేపల విసర్జనము మొక్కకు ఎరువు. పాచి చెమ్మలో ఎంతకాలము నిలువగలదో అంతకాలము నిలుచును. వదినగారు తులసికుండీకి మాత్రము వలదన్నారు. మల్లెకుండీలకు పోయుచున్నాము.